ఏడో నమూనా

మొదటిది లువ్సన్ చొక్కా వీపుతో కుట్టాను.
ఇరవై రెండేళ్లు లారీ సీటుకు ఆనుకుని
అరిగి మెత్తబడ్డ గుడ్డ.
కట్టుకుని అగ్గిపుల్ల గీసి ఊదితే
మంట ఆరిపోయింది.
గుడ్డ మరీ పలచన అన్నమాట.
బతికున్నప్పుడూ అంతే,
ఏదీ కడుపులో దాచుకోలేని మనిషి.

ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన కొండవాలు మాది.
నవంబరు నుంచి మార్చి దాకా
గుడారానికో పొగగొట్టం, గొట్టం కింద బొగ్గు పొయ్యి.
సాయంత్రం ఆరయ్యేసరికి
పక్కింటి కుక్క మొరుగుడు వినిపిస్తుంది,
కుక్క కనిపించదు.
కొట్లో మాస్కులు దొరకవని కాదు.
ఒక్క పూటకే నల్లబడతాయి,
మర్నాడు కంచె మేకులకి వేలాడుతూ
అదే కుక్క నోట్లో నలుగుతూ ఉంటాయి.

రెండోది పిండి సంచితో.
'మేలురకం గోధుమ' అని బుగ్గ మీద అచ్చు,
ఎంత ఉతికినా పోలేదు. వీధి వీధంతా నవ్వింది.
మూడోదానికి విరిగిన గొడుగు గుడ్డ:
పొగ రాలేదు, గాలీ రాలేదు.
నాలుగోది ఉన్ని శాలువా ముక్క.
నా ఊపిరే దాని మీద గడ్డకట్టి
పెదవికి అతుక్కుంది, లాగితే తోలు ఊడొచ్చింది.

అయిదోది కుదిరిందనుకున్నాను.
పైన బడి కర్టెను, లోన పిండి సంచి,
నడుమ ఒంటె ఉన్ని పొర,
ముక్కు మీదికి కాఫీ పొట్లం మూతి తీగ,
చెవులకి పాత సాక్సుల సాగే అంచులు.
అప్పుడు గుర్తొచ్చింది నీళ్ల సంగతి.
మాకు నీళ్లు కుళాయిలో రావు.
లీటరు లెక్కన కొని, బండి మీద
జారే మంచులో పైకి తోసుకోవాలి.
రోజూ మూడు పొరలూ ఉతకాలంటే
టీ నీళ్లు మానుకోవాలి.
కుట్టంతా విప్పేశాను.

ఆరోదానికి జేబు పెట్టాను,
లోపలి పొర ఒక్కటే జారి చేతిలోకొచ్చేలా.
చెంబుడు నీళ్లు చాలు.
ఆ నీళ్ల రంగు చెప్పను.
ఇన్ని చలికాలాలూ ఆ నలుపు ఎక్కడికి పోయిందో
మీరే లెక్కేసుకోండి.
తీగ మీద ఆరేసిన పొరలు
బిళ్లల్లా బిగుసుకుని టకటకలాడతాయి.
పొయ్యి పక్కకి తెస్తే
ఒక్కొక్కటే మెత్తబడి తల వంచుతుంది.

నలభై కుట్టి పంచాను.
దారిలో ఎవరెదురైనా ముఖాన నా కర్టెను పూలే.
గర్వం రాలేదని అబద్ధమాడను.

సోద్‌బిలెగ్ ఒక్కడే మా ఇంటికి రావడం మానేశాడు.
ఎదురు గుడారంలో పదేళ్ల వాడు, చెవులు వినబడవు,
మాటల్ని పెదాల మీద చదువుకుంటాడు.
వీధి మొత్తానికి మూతులు కట్టి
వాడి పుస్తకాలన్నీ మూసేసింది నేనే.

ఏడోదానికి కిటికీ కోశాను.
నీళ్ల సీసా ముక్క నవ్వుని వంకర చేసింది.
సంతలో దుప్పటి పెట్టిచ్చిన సంచి
ముట్టుకుంటే గరగర, చూస్తే తేట.
అదే కుట్టాను.
మొదటి ఊపిరికి ఆవిరి,
రెండో ఊపిరికి మంచు పూలు,
పెదాలు వాటి వెనకెక్కడో.
ఎండు సబ్బు రుద్ది పొడిగుడ్డతో తుడిచాను.
ఇంట్లో అయితే గంట నిలుస్తుంది,
బయటి చలిలో రెండు మూడు మాటల సేపు.

మూడు మాటలు ఎంచుకుని వాళ్ల కంచె దగ్గర నిలబడ్డాను.
"రేపు బొగ్గు వస్తుంది," అన్నాను నెమ్మదిగా.
వాడు దగ్గరికొచ్చి, మునివేళ్ల మీద లేచి
కిటికీలోకి తొంగి చూశాడు.
వేలు తన పంటికి ఆనించి
అదే వేలు నా వైపు తిప్పాడు.

సెప్టెంబరులో ఊడింది ఆ పన్ను.
మాస్కు చాటున ఎవరికీ తెలియనివ్వలేదు.
అంచుల్లో అప్పుడే మంచు పట్టేస్తోంది.
ఇంకొక్క మాటకి చోటుంది,
ఏమనాలో తోచక
నోరు ఇంకాస్త తెరిచి చూపించాను.