పొల్లు

గ్రిమ్స్‌బీ లైబ్రరీ నేలమాళిగలో
మంగళ, గురువారాలు నా పని ఒకటే:
బరువైన ధ్వనిని తేలిక చేయడం.

ఇక్కడికి రాకముందు తాడేపల్లిగూడెంలో
రైస్ మిల్లు లెక్కలు రాశాను.
క్వింటాలు ధాన్యం పోస్తే అరవై ఏడు కిలోల బియ్యం.
మిగతాది ఊక, తవుడు,
ఇంకా ఎటు పోయిందో ఎవరూ అడగని తరుగు.
అందుకే ఈ సాఫ్ట్‌వేర్ నాకు కొత్తగా అనిపించలేదు.
ఎడమవైపు వేవ్ ఫైలు పోస్తాను,
కుడివైపు ఎంపీత్రీ రాలుతుంది.
గంట గొంతు ఆరువందల ఎంబీల నుంచి అరవైకి దిగుతుంది.
పెద్ద శబ్దం వెనక నక్కిన చిన్న శబ్దాన్ని
చెవి ఎలాగూ పట్టదని
యంత్రమే తేల్చుకుని చెరిగేస్తుంది.
మా మిల్లు జల్లెడకి ఇంత ధీమా ఉండేది కాదు.

లెన్ స్టాథర్స్. చేపల ట్రాలర్ మీద వంటవాడు,
పంతొమ్మిదేళ్లు ఐస్‌లాండ్ నీళ్లలో.
ఆయన మాటల్ని మినీడిస్కులోంచి వేవ్‌లోకి
ఎవరో ఎప్పుడో దింపి వదిలేశారు.
వాళ్లమ్మాయి డెనీస్ మంగళవారం వచ్చి అడిగింది:
"నా కారు పాతది. ఎంపీత్రీ తప్ప మరోటి మింగదు."

కన్వర్ట్ నొక్కే ముందు
అట్టడుగున ఒక చిన్న గడి:
నిశ్శబ్దాలను కుదించు.
టిక్కు పెట్టాను. దురుద్దేశం లేదు.
మిల్లు నేర్పిన చేయి,
రాయి కనబడితే ఏరేస్తుంది.
నలభై నాలుగు నిమిషాలు ముప్ఫై ఒకటయ్యాయి.
పొందిగ్గా సర్దానని సంతోషించాను కూడా.

గురువారం ఆమె తిరిగొచ్చింది. కోపంగా కాదు,
కొట్లో ఇచ్చిన తప్పు చిల్లర వెనక్కి తెచ్చినట్టు.
"గొంతు మా నాన్నదే.
కానీ ఆయన జన్మలో ఇంత త్వరగా జవాబివ్వలేదు.
టీ కావాలా అంటే
కేటిల్ మరిగి చల్లారాక ఊఁ అనేవాడు.
ఇందులో ఎవరో రేడియో మనిషి మాట్లాడుతున్నాడు."

ఏం చెప్పను.
తరుగు, అన్నాను తెలుగులో, నాలో నేను.

అసలు ఫైలు తెరిచాను. ఈసారి చెవులు పెట్టి.
తెర మీద లావులావుగా మాటలు,
మధ్యమధ్య దారంలా సన్నటి గీత.
నేను రాళ్లనుకున్నవి ఆ దారాలే.
ఇరవై మూడో నిమిషంలో ప్రశ్న:
ఆఖరి ప్రయాణం ఎలా జరిగింది?
దారం.
గోడ గడియారం. బాయిలరు ఒకసారి దగ్గింది.
సీగల్. కుర్చీ. కప్పులో చెంచా మూడు చుట్లు.
ముక్కుతో లోపలికి పీల్చిన గాలి
మాటై వస్తుందనుకుంటే
గాలిగానే బయటికొచ్చింది.
పద్నాలుగు సెకన్లు లెక్కపెట్టాను.
తర్వాత: "ఉల్లిపాయలు అయిపోయాయి."
అంతే. మళ్లీ దారం.

తాలుగింజని పొల్లు అంటాం.
అచ్చు లేని హల్లు నెత్తిన పెట్టే గుర్తూ పొల్లే.
ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ణి
పొల్లు పోకుండా చెప్పాడంటాం.
పొల్లు పోగొట్టే చోట ఇన్నేళ్లు జీతం తీసుకుని
ఈ మూడూ ఒకే మాటని
గ్రిమ్స్‌బీలో, నేల కింద, ఇవాళ తట్టింది.

టిక్కు తీసేశాను.
బిట్‌రేటు పై మెట్టుకి జరిపాను, మూడువందల ఇరవై.
ఎంత జరిపినా ఎంపీత్రీ ఎంపీత్రీయే,
పొల్లు పోకుండా చెప్పడం దానివల్ల కాదు.
ఆ సంగతి డెనీస్‌కి దాచలేదు.
"ఇంజను మోతలో ఆ మాత్రం ఎవరికి తెలుస్తుందిలే" అంది.
ఆకుపచ్చ గీత నిండేదాకా నా కుర్చీ వెనకే నిలబడింది.

ఐదున్నరకి నేను పైకొచ్చేసరికి
కారు ఇంకా పార్కింగులోనే ఉంది.
అద్దాలు మూసి, ఇంజను ఆపేసి.
చీటీ గంటకే తీసినట్టుంది,
పసుపు కోటు వార్డెన్ వంగి చూశాడు.
లోపల ఎవరూ మాట్లాడటం లేదు.
కాసేపు ఆగి
పక్క కారు దగ్గరికి వెళ్లాడు.