మూడో నంబరు కౌంటరు

గాజువాక రవాణా ఆఫీసులో
హరిత పన్ను కట్టించుకునేది నేనే.
పేరు పచ్చనిదే గానీ
రసీదు కాగితం తెలుపు,
దాని అంచున నా వేలిముద్ర నలుపు.
పొద్దున్నే జ్ఞానాపురంలో కిటికీ తుడిచి వచ్చిన చెయ్యి కదా,
ఎంత తోమినా గోటిసందులో
రేవు బొగ్గు కాస్త ఉండిపోతుంది.

మొల్లి సన్యాసయ్య లారీకి పదహారేళ్ళు.
రేవులో మాంగనీసు ఎత్తుకుని బొబ్బిలి దాకా
దగ్గుకుంటూ పోతుంది, దగ్గుకుంటూ వస్తుంది.
పన్ను రెండొందలున్న రోజుల్లో
చొక్కా జేబులోంచి బీడీకట్టతో పాటు తీసి ఇచ్చేవాడు.
"పొగకి టిక్కెట్టేటమ్మా!" అని నవ్వేవాడు.
నేనూ నవ్వేదాన్ని.
టిక్కెట్టు కొన్న పొగ
దర్జాగా రోడ్డెక్కి పోయేది.

తర్వాత అది వేలయింది.
ఆ రోజు నవ్వలేదు.
"నా పొగకేనేటమ్మా కరీదు?
ఆ పెద్ద గొట్టాలకి ఏ కౌంటర్లో సీటీ రాస్తారు?"
అతని వేలు చూపించిన వైపు చూశాను.
నాకు తెలిసిన కౌంటర్లు ఆరు.
ఆరింటిలోనూ లేదు.

కట్టాడు. కట్టింది బొబ్బిలి కిరాయి మీద వేశాడు.
కిరాయి ఇనుము మీద వాలింది.
ఇనుము ఎవరింటి స్లాబులోకి దిగిందో
సిమెంటు ఆరాక ఎవరు చూడొచ్చారు?
పొగ మాత్రం చెంచాడు తగ్గలేదు.

పన్ను పనిచెయ్యదని రాసి
ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను.

కానీ పోయిన ఆషాఢంలో
పాత రసీదుల వెనక పెన్సిలు లెక్కతో వచ్చాడు:
పన్ను, ఫిట్‌నెస్, తాగే డీజిలు, మెకానిక్కు.
అన్నీ కూడితే
కొత్త బండి నెలవాయిదాకి నాలుగు వేలే తక్కువ.
ఇంకొంచెం పెంచితే మారతాడా,
ఇంకొంచెం పెంచితే మునుగుతాడా,
ఆ రెంటి నడుమ గీత
అతని పెన్సిలు ములికంత సన్నం.
అది ఎక్కడ గీయాలో
నాకొచ్చే జీవోల్లో ఉండదు.

అప్పు పుట్టింది. బండి వచ్చింది.
నిమ్మకాయలు తొక్కించి తెచ్చి నా కిటికీ ముందే ఆపాడు.
సైలెన్సరు దగ్గర తెల్ల రుమాలు పట్టి చూపించాడు.
తెల్లగానే ఉంది.
సంతోషపడ్డాను, నిజంగానే.

"మరి పాతది?"
"రాయగడోడికి అమ్మీసినానమ్మా.
ఇంకో పదేళ్ళు తిరుగుద్దది."

గాలికి
కూనేరు చెక్‌పోస్టు దగ్గర ఆగే అలవాటు లేదు.

సాయంత్రం మళ్ళీ కిటికీ తుడుస్తాను.
గుడ్డ నల్లబడుతుంది.
"ఇన్నేసి డబ్బులు కడతన్నారంటావు,
మరిదేటే?" అంటుంది మా అత్త పైడమ్మ.
ఇది ఊరికే బొగ్గుపొడి అనీ,
పొగలో అసలు బరువైన దానికి రంగుండదనీ,
ఏ గుడ్డకీ అంటదనీ చెప్పాలి.

చెప్పను. గుడ్డ పిండుతాను.
రేపు మంగళవారం.
ముప్పైయేడు లారీలు టోకెన్లు తీసుకున్నాయి.