గోళ్ళ రంగు

నా టేబుల్ సొరుగుల ఒక గోళ్ళ రంగు సీసా ఉంటది.
మా బిడ్డ అడిగినా ఇయ్యలే.
రక్తం చుక్కకు మందు కలిపి
పైన పల్చటి గాజు మూత పెట్టి
నాలుగు అంచులకు ఆ రంగు పూస్త,
లోపలికి గాలి పోకుండ.
అరగంట ఆగుత.
ఊపిరాడక ఏ కణం వంగిందో అప్పుడు చూస్త.

పదేండ్ల సంది ఎంజీఎంల ఇదే రాత్రి డ్యూటీ.
నాకు తెలిసింది చుక్కలే.
మనుషులు పై అంతస్తుల ఉంటరు.

వట్టం నాగులమ్మను కార్తీకంల తెచ్చిండ్రు,
తాడ్వాయి అవతలి గూడెం నుంచి,
ఏడో నెల.
ఆశ్రమ పాఠశాలల సగం మంది పిల్లలకు దగ్గు పట్టి
సెలవిచ్చి ఇండ్లకు పంపిండ్రట.
చెల్లె కొడుకు ముక్కు కారుకుంట వచ్చి
నెగడు కాడ ఆమె పక్కలనే పండిండు.
వాడు మూడొద్దులకు లేచి గోలీలాడిండు.
ఆమె లేవలే.

"వానొస్తే కీళ్ళు, చలొస్తే నడుము,
చిన్నప్పటి సంది నాకున్న నొప్పులేనాయె,
ఇది గూడ గదే అనుకున్న" అన్నదట డాక్టరమ్మతోని.

కొంగున ముడేసిన కవర్ల ఒక కార్డు.
ఎప్పటిదో క్యాంపుల ఇచ్చింది,
కొడవలి కణాల జబ్బు అని రాసున్నది.
దాని వెనక ఎవలో పెన్సిల్‌తో
పత్తి ఏరిన కిలోల లెక్క రాసిండ్రు:
ముప్పై రెండు
ఇరవై ఎనిమిది
పంతొమ్మిది
చివరి రోజు ఆరు.
జరం ఎన్నడు మొదలైందో
ఏ రిపోర్టు అంత సక్కగ చెప్పలే నాకు.

చీటీ వచ్చింది: ఆక్సిజన్ ఎనభై నాలుగు, తొందరగ.
చుక్క తీసిన. మూత పెట్టిన.
రంగు సీసా మూత తిప్పిన,
ఎందుకో ఒక్కసారి ముందే లెన్సుల చూసిన.

రంగు పుయ్యకముందే వంగి ఉన్నయి.

నేను గాజు మీద చేసే పనే
కంటికి ఆనని ఆ పురుగు ఆమె రొమ్ముల చేసింది.
అన్ని అంచులు మూసింది.
గాలి అందని సందుల్ల కణాలు
కోత అయినంక ఒక మూలకు విసిరిన కొడవళ్ళ లెక్క
ఒకదాన్నొకటి పట్టుకొని చిక్కుబడ్డయి.
ఆ ఊపిరి మీదనే అప్పు చేసి
లోపల ఇంకో పానం బతుకుతున్నది.

వానలు పడకముందు మా స్టాఫ్ అందరికి
జరం రాకుండ సూది వేసిండ్రు.
వరుసల నిలబడి నేను గూడ విసుక్కుంట వేయించుకున్న.
ఆ సూదుల డబ్బా తాడ్వాయి దాటలే.

రెండు సంచులు బ్యాంకుల దొరికినయి.
మూడోది యాకూబ్ ఇచ్చిండు,
హసన్‌పర్తి ఆటో ఆయన, బిడ్డ కాన్పుకని వచ్చి
వరండాల చాయ్ తాగుతున్నోడు.
పాతది తీసుకుంట, కొత్తది ఎక్కిచ్చుకుంట తెల్లారింది.
మాస్కు కింది నుంచి ఆమె అడిగిందట:
"సగం నెత్తురు మారిపాయె.
ఇగ నేను ఎవల ఇంటిదాన్ని?"
నర్సు నవ్వలేక నవ్వింది.

నాలుగు గంటలకు నా కిటికీ కాడికి
ఆమె పెనిమిటి బక్కయ్య వచ్చిండు,
అంగీ చెయ్యి మడిచి, మాట లేకుండ చెయ్యి లోపలికి పెట్టిండు.
నాది గూడ చూడుమన్నట్టు.

ఆ పరీక్ష సులువు. గాజు గొట్టంల మందు, రక్తం,
వెనక నల్లగీతల కాగితం.
గీతలు కనబడితే మంచిది.
అక్షరం రాని మనిషి
నా కంటె ముందే వంగి చూసిండు.
"గీతలేవి?" అన్నడు.

నేను కాగితం సర్దిన. బల్బు కిందికి జరిపిన.
గొట్టం మబ్బు లెక్కనే ఉన్నది.
"నాకెన్నడు ఏ నొప్పి లేదు గద."
ఉండదు. నీకు సగమే.

పుష్యంల పుట్టింది పిల్ల, కిలో ఎనిమిది వందలు,
ఏడుపు మాత్రం మూడు కిలోలది.
నాగులమ్మ గోడ పట్టుకొని నా కిటికీ దాక నడిచొచ్చింది,
దమ్ము తీసుకుంట, మెట్టు మెట్టుకు ఆగుకుంట.
"దీనిది చూడు" అన్నది.

ఇప్పుడు మా పరీక్షకు తెలువదమ్మా.
కడుపుల ఉన్నప్పటి నెత్తురే
ఆరు నెలలు దాన్ని కాస్తది.
ఆషాఢంల పట్టుకరా.

పత్తి లెక్క మీద కొట్టేసి
కొత్త కార్డు ఇస్తనన్న, వద్దన్నది.
పాతదాని మీదనే తారీఖు రాపిచ్చుకున్నది,
ఆరు కిందనే.

సొరుగుల సీసా అడుగు పట్టింది.
ఆషాఢం దాక రావాలె.