ఏత్వం

సావనీరుకి చరిత్ర రాయమన్నారు, ఒక పేజీకి మించకుండా.
స్థాపకుల ఫోటో ఉంటే జతచేయమన్నారు.
ఫోటో లేదు.
ఫోటోకి నిలబడే తీరిక ఉన్నవాళ్లెవరూ
కొరుక్కుపేట గేటుకి ఇవతల ఉండేవాళ్లు కాదు.

గేటుండేది.
హార్బరు నుంచి గోధుమలూ నూనే బొగ్గూ
తాపీగా దాటిపోయేదాకా
సైకిలు ఆగాలి, ఎద్దు ఆగాలి,
నొప్పులొచ్చిన కడుపూ ఆగాలి.
ఆసుపత్రి అవతల.

ఆ రాత్రి మస్తానయ్య రిక్షాలో కూర్చుని
రొమ్ము అరచేత్తో అదుముకుని
వ్యాగన్లు లెక్కపెట్టాడు, పైకి, పిల్లాడిలా.
ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి.
తర్వాతి అంకె రాలేదు.
వ్యాగన్లు వస్తూనే ఉన్నాయి.
మిగతావి రిక్షా తొక్కే పెంచలయ్య లెక్కపెట్టాడట,
ఎందుకో తనకీ తెలియదు.
యాభై నాలుగు.

మినిట్సు పుస్తకంలో ఇదేమీ లేదు.
పైన "శ్రీరామ",
కింద పదకొండు సంతకాలు, నాలుగు వేలిముద్రలు,
మధ్యన ఒకే ఒక్క తీర్మానం:
గేటుకి అవతల ఒక రిక్షా రాత్రంతా నిలబడి ఉండవలెను.
మనిషికి పావలా చందా.

పేరు దగ్గర రెండు వారాలు పోయాయి.
యువజన సంఘం అందామంటే
ఉన్న యువకుడు ఒక్కడే, వాడికీ ముగ్గురు పిల్లలు.
చివరికి సేవా సంఘం అని కుదిరింది.
స్టాంపు చెక్కిన ప్యారిస్ కార్నర్ ఆయనకి తెలుగు రాదు,
ఏత్వం ఎగిరిపోయింది.
"సవా సంఘం" అని పడింది మొదటి రసీదు మీద.
శవసంఘమా అని వీధి వీధంతా నవ్వింది.
మస్తానయ్య భార్య కూడా నవ్విందట, ఆ నెలలో మొదటిసారి.
కొత్త స్టాంపుకి మూడు రూపాయలు,
అంటే అవతలి రిక్షాకి రెండు రాత్రులు.
కోశాధికారి బాలగురవయ్య జేబులోంచి కలం తీశాడు.
ప్రతి రసీదుకీ చేత్తో ఏత్వం పెట్టాడు,
పద్నాలుగేళ్లు.

రెండు వెదుళ్లు, గోడౌను గోనెపట్టా: అదీ స్ట్రెచరు.
మొదటిరోజే ఒక ముసలామె ఎక్కనంది,
"బతికుండగానే పాడె మీదికా?"
ఇడ్లీల చెంగమ్మ తన నారింజరంగు చీర చించి
చుట్టూ అంచు కుట్టింది.
పాడెకి అంచుండదు కదమ్మా, ఎక్కు, అంది.
ఎక్కింది.

గూడ్సు నడిమధ్య ఆగిపోతే
కప్లింగు మీదుగా చేతులు మారేది మనిషి బరువు.
ఇవతల తెలుగు చేతులు, అవతల అరవ చేతులు,
"పట్టుకో" అనీ "పుడి" అనీ ఒకేసారి.
పగలు మీటింగులో మినిట్సు ఏ భాషలో అని
కుర్చీలు విరిగాయి.
పదో పుట నుంచి తమిళం, ఇరవయ్యో పుట నుంచి మళ్లీ తెలుగు.
దెబ్బలాట రెండు భాషల్లోనూ నమోదైంది.
ఆ రెండు నెలల్లోనూ రిక్షా మాత్రం మానలేదు.

చెంగమ్మ సభ్యురాలు కాదు.
ఆడవాళ్ల సంగతి ఎవరికీ తోచలేదట.
ఆమె పేరున్నది ఒక్కచోటే, ఖర్చుల పుటలో,
"రాత్రి డ్యూటీ వారికి ఇడ్లీలు: బాకీ పదకొండు రూపాయలు."
తర్వాతి పుటల్లో ఎంత వెతికినా
తీర్చినట్టు లేదు.

మొత్తం ఎందరిని మోశారు, అంకె కావాలి అంటున్నారు.
రిజిస్టరులో రెండువందల పన్నెండు.
ఒకామె ఎక్కినప్పుడు ఒక్కతే, దిగేటప్పుడు ఇద్దరు,
దాన్ని ఎలా లెక్కేశారో తెలియదు.
పుట్టిన పిల్లకి రైలమ్మ అని పేరు.
ఇప్పుడు మా ఉపాధ్యక్షురాలు,
ఆ పేరు చెప్పొద్దంటుంది.

పేజీ అయిపోయింది.
కంప్యూటరులో చేయించిన స్టాంపుంది, తప్పుల్లేనిది.
సొరుగులోంచి పాతది తీశాను.
రబ్బరు ఎండి, సగమే పడింది.
కలం తీసి ఏత్వం పెట్టాను,
సిరా ఆరేదాకా ఊదాను.

ఎడిటరుగారికి మనవి:
అచ్చులో దీన్ని సరిచేయకండి.
వీలైతే, పదకొండు రూపాయల సంగతి
ఎవరైనా ఎత్తండి.