చేతి గుర్తు

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
టైర్ల కొట్టుకీ ఏసీల రిపేరు కొట్టుకీ మధ్య
మా షెడ్డు.
బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపల లేతు మీద తిరుగుతూ
ఇంకా గింజలు పొయ్యని గిలక్కాయ.

ఇక్కడ అంకుడు కర్ర లేదు.
జర్మనీ నుంచి వచ్చే బీచ్ చెక్క
తెల్లగా, మర్యాదగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది.
చెప్పిన మాట వింటుంది గానీ
తిరిగి ఒక్క మాటా చెప్పదు.
లక్కకి మెరుగు పెడదామంటే మొగలాకూ లేదు.
రోడ్డు మధ్య ఖర్జూరం చెట్లు నరుకుతుంటే
బలదియా వాళ్ళనడిగి ఒక మట్ట తెచ్చాను.
ఎండాకుతో రుద్దితే గీతలు పడ్డాయి.
రాత్రంతా నానబెట్టి రుద్దాను.
కొంచెం ఒప్పుకుంది.

హెస్సా మేడమ్ మిలన్‌లో చదివొచ్చింది.
ఆమె దగ్గర రంగుల పుస్తకం ఉంది:
ఓట్స్ జావ, తడి ఇసుక, పాత కాగితం,
వాన తేని మేఘం.
"ఎరుపు?" అన్నాను.
"ఎరుపు అరుస్తుంది, పైడయ్యా" అంది.
పిల్లలూ అరుస్తారు కదమ్మా,
అనలేదు.

పెట్టెలోకి వెళ్ళేముందు ప్రతి బొమ్మా
ఒక స్టీలు గొట్టాన్ని దాటాలి.
మూడేళ్ళలోపు బిడ్డ గొంతంత గొట్టం.
ఒంటె చెవి, బండి చక్రం, దారానికి గుచ్చిన పూస,
ఏది అందులో ఇమిడితే అది పనికిరాదు.
రోజుకి రెండొందల సార్లు
ఆ గొంతులో ఏదో ఒకటి వేస్తాను.
ఆగిపోతే ఊపిరి పీల్చుకుంటాను.
నేపాలీ కుర్రాడు దిల్ బహదూర్
దానికి బాబు అని పేరు పెట్టాడు.
పొద్దున్నే లోపలికి ఊది రంపప్పొట్టు దులిపి
"బాబుకి జలుబు తగ్గింది" అంటాడు.

పోయిన నెల మేడమ్
ఒంటెని తిప్పి తిప్పి చూసి
"మరీ నున్నగా ఉంది, మిషను చేసినట్టు.
కాస్త చేతి గుర్తు ఉండనీ" అంది.

ఏటికొప్పాకలో మా మేనమామ
గుర్తు కనబడితే లేతు ఆపించి
నా బొటనవేలు పట్టుకుని బొమ్మ మీద రాసేవాడు.
"ఏటిది? తగిలిందా?
తగిల్తే నీది. తగలకపోతే బొమ్మది."
పదకొండేళ్ళు పట్టింది
నా చేతిని బొమ్మలోంచి తీసెయ్యడానికి.
ఇప్పుడు మళ్ళీ పెట్టమంటే
తీసినదాన్ని ఎక్కడ పడేశానో!
ఉలితో నాలుగు గాట్లు పెట్టాను.
అబద్ధంలా ఉంది.
కళ్ళు మూసుకుని పెట్టాను.
ఇంకా పెద్ద అబద్ధం.

నిన్న అబుదాబి నుంచి పార్సిలొకటి తిరిగొచ్చింది.
నూట ఎనభై దిర్హాముల గిలక్కాయ.
కారణం: పాడైంది.
పిడి మీద రంగు పోయింది.
చుట్టూ చిన్న చిన్న నొక్కులు,
కింద రెండు, పైన ఒకటి,
ఎడమవైపు మరీ ఎక్కువ.
దిల్ బహదూర్ గొట్టం వైపు తిరిగి
"బాబూ, పళ్ళొచ్చాయిరా నీకు" అన్నాడు.

మేడమ్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.
వెలుగులో పెట్టింది. ఫోటో తీసింది.
"ఇదీ! నాకు కావలసింది సరిగ్గా ఇదే.
అన్నిటికీ ఇలా చెయ్యగలవా?
గురువారం కల్లా?"

మేడమ్,
ఈ ఉలి నా పెట్టెలో లేదు.
నైఫ్ సూక్‌లో కూడా దొరకదు.
ఆరోనెలలో చిగుళ్ళు చీల్చుకుని మొలుస్తుంది.
చొంగలో నానితే పదునెక్కుతుంది.
మొలిచిన రాత్రి ఇల్లంతా మేలుకోవాలి.
ఆరేడేళ్ళకి దానంతటదే ఊడిపోతుంది,
ఎవరూ దాచుకోరు.

ఇదంతా హిందీలో ఎలా చెప్పాలో తెలీక
"చూస్తాను" అన్నాను.

ఆవిడ కారు వెళ్ళాక
గిలక్కాయ పట్టుకుని
ఆ నొక్కుల్లో బొటనవేలు రాశాను.
తగిలింది.

నాది కాదు.