ఎక్స్ ఉండుగాక

పుంటా అరేనాస్‌లో జూన్ నెల.
ఐదున్నరకే పొద్దు వాలిపోయింది.
రాత్రిబడి కిటికీ సందుల్లో
పాత పేపర్లు కుక్కాం, అయినా గాలి.

పీతల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
తిన్నగా వచ్చినవాళ్లు తొమ్మిదిమంది.
ఎంత కడుక్కున్నా వేళ్ల నీచు వదల్లేదు.
బోర్డు మీద రాశాను:
మూడు వరుస సంఖ్యలు. మొత్తం నూట నలభై ఒకటి.
అవేమిటి?

మా భాషలో లెక్క ఇలాగే మొదలవుతుంది:
"ఎక్స్ ఉండుగాక."
అచ్చం దీవెనలాగే.
ఇరవైయేళ్లుగా ఈ చేత్తో
ఎన్ని దీవెనలు రాసి తుడిచేశానో.

అలవాటు కొద్దీ చిన్నదానితో మొదలెట్టాను:
ఎక్స్, ఎక్స్ ప్లస్ ఒకటి, ఎక్స్ ప్లస్ రెండు.
వెనక బెంచీలోంచి ఇసోలీనా బర్రీయా చెయ్యెత్తింది.
యాభై మూడేళ్లు. చూపుడువేలికి కట్టు.
"చిన్నదాన్ని పట్టుకుని వేలాడతారేం?
నడిమిదాన్ని ఎక్స్ అనండి."

లేచొచ్చి సుద్దముక్క అందుకుంది.
ఒకటి తక్కువ. తను. ఒకటి ఎక్కువ.
"మా బల్ల దగ్గరా ఇంతే.
ఎడమపక్క ఎర్నా, ఎప్పుడూ ఒక డబ్బా వెనక.
కుడిపక్క మిరేయా, ఒక డబ్బా ముందు.
సూపర్‌వైజరు నా డబ్బాలే లెక్కపెట్టి
మూడింతలు వేసుకుపోతాడు.
ఒక్కనాడు తప్పలేదు."

తక్కువా ఎక్కువా ఒకదాన్నొకటి మింగేశాయి.
మూడు ఎక్స్‌లు మిగిలాయి.
నలభై ఏడు.
అటు నలభై ఆరు, ఇటు నలభై ఎనిమిది.
నా పద్ధతిలో ఇంకో రెండు వరసలు పట్టేవి.

అప్పుడు, పడవ పని మానేసి వచ్చిన
కుర్రాడు నావెల్, గడియారం వంక చూస్తూ,
"మొత్తం వంద అయితేనో?" అన్నాడు.

పెన్సిళ్లు కదిలాయి.
ముప్పైమూడు దగ్గర అన్నీ ఆగాయి.
ఒకటి మిగిలింది.
చెరిపారు. మళ్లీ వేశారు. మళ్లీ అదే ఒకటి,
విందులో కుర్చీ దొరకని చుట్టంలా
గుమ్మంలోనే నిలబడి.

నేను నోరు తెరిచేలోగా
ఇసోలీనా కూర్చునే అంది:
"లేవు. అలాంటివి మూడు లేవు."
నోటుబుక్కులో ఆ మాటే రాసి
కింద రెండు గీతలు గీసింది,
జవాబుకి గీసినట్టే.

పూర్తి మార్కులు వేశాను.
నావెల్ కాసేపు గొణిగాడు,
ప్రశ్న తనది కదా, తనకేమీ లేదా అని.

తొమ్మిదింటి బస్సుకి అందరూ పరుగెత్తారు.
బోర్డు తుడిచాను. "ఉండుగాక" దాకా వచ్చి
ఎందుకో చెయ్యి పోలేదు.

రేపటి పాఠం వరుస బేసి సంఖ్యలు.
వాటి మధ్య రెండేసి అడుగుల ఎడం.
ఆ సందులో ఎవరు నిలబడతారని
ఇసోలీనా అడిగితే
ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.