నాలుగుంబావు దెయ్యం

పల్లావరం శుక్రవారం సంతలో
తుప్పు ఇస్త్రీపెట్టెలకీ మూతల్లేని కుక్కర్లకీ మధ్య
నలభై రూపాయలకి కొన్నాను ఆ క్యాసెట్టు.
లేబుల్ మీద తమిళంలో ఎవరిదో పెళ్ళి, రాయపురం అని ఉంది.
ముప్పైకే ఇచ్చేవాడు,
నా మొహంలో ఆకలి కనిపెట్టాడు.

పగలు పాండీబజారులో కళ్ళద్దాలు అరగదీస్తాను,
లోకం చూపు సరిచేసే పని.
రాత్రయితే నాకు మసకే కావాలి:
పెదాలు ఆగాక కూడా ఆగని మాట,
దారం కనిపించే గబ్బిలం,
తెర దాటి పెయింటు వాసనొచ్చే రక్తం.
మంచి సినిమాలకి చూసేవాళ్ళు బోలెడుమంది.
వీటికి ఎవరున్నారు?

వెస్ట్ మాంబళంలో మునిరత్నం గది.
డెక్కు తల స్పిరిటుతో తుడిచి వేశాం.
పేరు పడాల్సిన చోట వాన.
మాట మాత్రం తెలుగే.
ఏ ఊళ్ళో ఆడిందో, అసలు ఆడిందో లేదో.
జమీందారు మేడ, అట్టతో చేసింది,
ఫ్యాను పెడితే గోడ ఊపిరి పీల్చుకుంటోంది.
మెట్ల మీంచి తెల్లచీర దిగింది.
మునిరత్నం కాళ్ళు మంచమ్మీదకి లాక్కున్నాడు.
చెయ్యి చాచింది.
ఆ చేతికి గడియారం.

ఆపు, అన్నాను. వెనక్కి తిప్పు.
ఆడవాళ్ళ గడియారం, నల్ల తోలు పట్టీ.
నాలుగుంబావు.
నవ్వాం. దగ్గొచ్చేదాకా నవ్వాం.
అప్పుడది అరిచింది.
కదిలిపోతున్న బస్సు వెనక
పరిగెత్తే మనిషి అరుపు.
మా నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

దెయ్యం తలుపు తోసింది.
తోయగానే రాయపురం పెళ్ళి భోజనాలు!
వరసగా అరిటాకులు,
ఒక మామయ్య కెమెరా వంక చూసి అప్పడం విరిచాడు.
టేపు చివరిదాకా సాంబారు, మళ్ళీ సాంబారు, తాంబూలం.
తలుపు అవతల ఏముందో
ఆ పెళ్ళివాళ్ళు తినేశారు.

ఆర్నెల్లు తిరిగాను.
వడపళని టీకొట్లు, మూతపడ్డ డబ్బింగు థియేటర్ల కాపలాదార్లు.
ఒక ముసలి లైట్‌మన్‌కి సినిమా గుర్తులేదు,
వాళ్ళు ఎగ్గొట్టిన డెబ్బై రూపాయలు గుర్తున్నాయి.
ఆ డెబ్బై రూపాయలే దారి చూపించాయి.

సాలిగ్రామం, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
పరిపూర్ణమ్మ. డెబ్బై నాలుగేళ్ళు.
గొలుసు తియ్యకుండానే తలుపు సందులోంచి
ఫోన్లో ఆ ముక్క చూసింది.
దెయ్యాన్ని పట్టించుకోలేదు. చేతినే చూసింది.
"ఇది నా హెచ్.ఎం.టి. నాయనా,"
గొలుసు తీసింది.

"నాలుగున్నరకి పిల్లని బడి వదిలేస్తారు.
వీళ్ళేమో లైటు కుదర్లేదు, పొగ కుదర్లేదు.
గడియారం తీసెయ్యమన్నారు.
తీస్తే టైమెట్లా తెలుస్తుంది?
జుట్టు కప్పేస్తుందిలే అన్నా.
కప్పలేదన్నమాట."

మరి ఆ అరుపు?

"అప్పుడే టైము చూసుకున్నా."

తలుపు వెనక ఏముందమ్మా?
ఇది అడగడానికే మెట్లెక్కాను.
"ఏమో. అక్కణ్ణించి ఇంకెవర్నో పెట్టి తీశారు.
నేను ఆ తలుపులోంచే పరిగెత్తా,
మొహాన పిండి, కళ్ళకింద మసి, అట్లాగే.
పిల్ల గుర్తుపట్టింది.
వాచ్‌మనే పారిపోయాడు."

కాఫీలో చక్కెర మర్చిపోయింది. నేనూ అడగలేదు.
డబ్బులిచ్చారా అంటే
గోడకున్న కేలెండరు సరిచేసింది.

ఇప్పటికీ శుక్రవారాలు పల్లావరం వెళ్తాను.
ఆ సినిమా ఇంకో కాపీ ఎక్కడో ఉండే ఉంటుంది,
ఎవరి సీమంతం కిందో, ఎవరి గృహప్రవేశం కిందో.
దొరక్కపోతే బాగుండునని కూడా ఒక్కోసారి.
మునిరత్నం దగ్గర అయిదు ముగింపులున్నాయి,
అయిదింట్లోనూ మంత్రగాడే గెలుస్తాడు.

తలుపు తోసి భోజనాలు మొదలవగానే
వాడు ముందుకి తిప్పబోతాడు.
చెయ్యి పట్టుకుని ఆపుతాను.
పంక్తి చివర, కెమెరా సరిగా తిరగని మూల,
రెండు ఆకులు ఖాళీగా ఉన్నాయి.
ఒకటి పెద్దది, పక్కనే చిన్నది.
వడ్డించేవాడు వాటి ముందు
ఒక్క క్షణం ఆగుతాడు.